చదరపుటడుగుల పంచాంగము

ఉగాదినాడు దేవాలయములలో పంచాంగ శ్రవణము జరుగును. ఏ రాశివారికి ఆదాయమెంతయో, వ్యయమెంతయో, రాజపూజ్యమెంతయో, అవమానమెంతయో సిద్ధాంతిగారు చదివి వినిపింతురు. వినువారు తలలూపి, పచ్చడి రుచిచూచి, ఇండ్లకు పోవుదురు. మరుసటి యుగాదికి ఆ లెక్క సరిపోయినదా లేదా యని సిద్ధాంతిగారిని నిలదీసినవారిని మేమెరుగము. నిలదీయకపోవుటవలన నష్టమును లేదు. సిద్ధాంతిగారు తాము చదివిన ఆదాయమును చూపి ఎవరి పొలమును తీసికొనలేదు గదా!

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల ప్రాంతమున, పాతిక సంవత్సరములకు పైగా వేరొక పంచాంగ శ్రవణము జరుగుచున్నది. "ఇన్ని లక్షల ఉద్యోగములు రానున్నవి, ఆ ఉద్యోగులు కూర్చుండుటకు ఇన్ని కోట్ల చదరపుటడుగుల ఆఫీసులు కావలయును, వానికి ఇన్ని వేల యెకరములు కావలయును" అనునది దాని సారాంశము. దీనిని చదువువారు మంత్రులు, అధికారులు, సలహాదారులు, భూవ్యాపారులు. దీనిని నమ్మి పొలములు సేకరింతురు, జలాశయముల హద్దులు సడలింతురు, ప్రజల ధనమును పూచీ పెట్టుదురు. కాని సంవత్సరము తిరిగిన పిదప లెక్క సరిచూచువాడు మాత్రము ఇచ్చటను లేడు.

ఇప్పుడీ ప్రసంగమేల యందురా? 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వమువారు నగరమునకు దక్షిణమున, శ్రీశైలము, నాగార్జునసాగరము రహదారుల నడుమ, 'ఫ్యూచర్ సిటీ' యను క్రొత్త నగరమునకై ఒక అభివృద్ధి సంస్థను స్థాపించిరి. దాని పరిధి 765 చదరపు కిలోమీటర్లు, 56 గ్రామములు. క్రొత్త ఉపనగరమునకు క్రొత్త పంచాంగము తప్పదు. అది చదువబడకమున్నే, పడమటి దిక్కున చదివిన పాత పంచాంగములను అటకమీదినుండి దింపి చూచుట మన విధి.

మొదట ఒక మాట ఒప్పుకొందము. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయీగారు మాదాపురములో సైబర్ టవర్సును ప్రారంభించినపుడు, రాళ్లగుట్టల నడుమ ఈ గాజుమేడ ఎవరికొరకని నవ్వినవారు కలరు. నవ్వినవారు ఓడిపోయిరి. ప్రభుత్వ నివేదికల ప్రకారము తెలంగాణ ప్రాంతమున 2013-14లో ఐ.టి. ఉద్యోగులు 3,23,396 మంది. 2022-23 నాటికి వారు 9,05,715 మంది యైరి. వారిలో అత్యధికులు ఈ పడమటి ఉపనగరములోనే పనిచేయువారు. మాగాణి లేక, మిల్లులేక, రేవులేక, చదువొక్కటే మూలధనముగా ఇంతమంది తెలుగు బిడ్డలకును, అన్యరాష్ట్రములవారికిని అన్నముపెట్టిన చోటు దేశములో అరుదు. దీనిని పెరుగుదల కాదనుట మత్సరమగును. మా వివాదము పెరుగుదలతో కాదు. దానిని ముందుగా లెక్కగట్టు రీతితో, ఆ లెక్కను చేతబట్టుకొని బేరములాడువారితో.

ఉపనగరమునకు రాబోవు ఉద్యోగములను, వానికి కావలసిన వాణిజ్య స్థలమును లెక్కగట్టు శాస్త్రమున రహస్యమేమియు లేదు. పఠనమందిరములో కూర్చుండిన ఏ గుమాస్తాయైనను కాగితము, పెన్సిలు పుచ్చుకొని చేయదగినదే. నేడు ఈ ప్రాంతమున ఏ వృత్తిలో ఎందరు పనిచేయుచున్నారు? ఆ వృత్తులలో ఏది పెరుగుచున్నది, ఏది తరుగుచున్నది? పెరుగుదలలో ఈ ఉపనగరమునకు వచ్చు భాగమెంత, బెంగుళూరికి, పూనాకు, మద్రాసుకు పోవు భాగమెంత? వచ్చువారిలో బల్ల, కుర్చీ కావలసినవారెందరు? తలకొక్కింటికి ఎన్ని చదరపుటడుగులు? ఇవి గుణించి, ఇప్పటికే కట్టి ఖాళీగానున్న దానిని, కట్టుచున్న దానిని తీసివేసినచో, క్రొత్తగా కావలసినదెంతయో తేలును. దానిని అంతస్తులతో భాగించినచో నేల యెంతయో తెలియును. ఇంతే శాస్త్రము. చిక్కంతయు ప్రతి మెట్టునందును వేయు సంఖ్యలో నున్నది.

మొదటి మెట్టునే చూడుడు. నేడు పనిచేయువారెందరు అను ప్రశ్నకు మనకు నమ్మదగిన ఉత్తరము లేదు. 2021లో జరుగవలసిన జనగణన ఆ సంవత్సరమున జరుగక 2027కు వాయిదాపడినది. దుకాణములను, కార్ఖానాలను, వానిలో పనిచేయువారిని లెక్కించు ఆర్థిక గణన ఆరవది 2013లో జరిగినది; ఏడవదాని పని 2019లో ఆరంభమైనను ఫలితములు దేశమునకు చూపబడలేదు. 2011లో ఈ పడమటి గ్రామములెట్లుండెనో చూచినవారు నేడచ్చటికి పోయిన దారి తప్పుదురు. అట్టిచోట పాత లెక్కపై రాబోవు పాతిక సంవత్సరముల మేడను లేపుచున్నారు.

తలకొక్కింటికి స్థలమెంత యను మెట్టు ఇంతకంటె చిత్రమైనది. తలకు 125 చదరపుటడుగులనినచో లక్షమందికి 1 కోటి 25 లక్షల చదరపుటడుగులు కావలయును. తలకు 80 అనినచో 80 లక్షలు చాలును. ఒక్క గడిలో ఒక్క సంఖ్యను మార్చిన మాత్రమున 45 లక్షల చదరపుటడుగులు పుట్టును, గిట్టును! 2020లో మహమ్మారి వచ్చి, ఉద్యోగులందరు ఇండ్లలో కూర్చుండి పనిచేసి చూపిన పిదప ఈ సంఖ్య ఎట్లు మారవలయునో విచారించి ప్రకటించిన ప్రభుత్వపత్రము మా కంటబడలేదు. కట్టడములు మాత్రము ఆగలేదు. 2024లో హైదరాబాదు ఆఫీసు భవనములలో ఐదవవంతునకు తక్కువగాక ఖాళీగానున్నదని భూవ్యాపారుల సలహాదారు సంస్థలే చెప్పినవి.

ఇక పెరుగుదల రేటు. 2022-23లో ఐ.టి. ఉద్యోగములు ఒక్క సంవత్సరములో 1,27,594 పెరిగినవి. ఆనాడు గీటుబద్ద పెట్టి సరళరేఖ గీచినవారికి ఆకాశమే హద్దయ్యెను. మరుసటి సంవత్సరము పెరిగినవి 40,285. అనగా మూడవవంతైనను లేదు. ఆ సంవత్సరమే ఎగుమతుల విలువ 2,41,275 కోట్లనుండి 2,68,233 కోట్ల రూపాయలకు, నూటికి పదునొకండు చొప్పున పెరిగినది. ఉద్యోగులు నూటికి నాలుగున్నరకు లోపుగా పెరిగిరి. ధనము పెరిగిన దామాషాలో మనుష్యులు పెరుగలేదన్నమాట. ఎగుమతి రూపాయలను చూపి ఉద్యోగములను, ఉద్యోగములను చూపి ఎకరములను అడుగువారు ఈ ఒక్క సంవత్సరపు లెక్కను గోడకు అంటించుకొనవలయును.

లెక్కలో పొరపాటు మానవసహజము. కాని ఇచ్చట జరిగినది పొరపాటు కాదు, లెక్కను తలక్రిందులు చేయుట. ఉద్యోగములనుండి నేలకు దిగవలసిన గణితమును మనవారు నేలనుండి ఉద్యోగములకు ఎక్కించిరి. ముందు ఎకరములు నిర్ణయమగును. పిదప ఆ యెకరములకు తగినన్ని ఉద్యోగములు కాగితముమీద మొలచును.

దీనికి 'ఐ.టి.ఐ.ఆర్.' యను పథకమే సాక్ష్యము. కేంద్రప్రభుత్వమువారు 2008లో చేసిన విధానము ప్రకారము ఇట్టి ప్రాంతమునకు కనీసము 40 చదరపు కిలోమీటర్లుండవలయును. 2013 సెప్టెంబరులో హైదరాబాదునకు మంజూరైనది 202 చదరపు కిలోమీటర్లు, అనగా ఇంచుమించు 50,000 ఎకరములు. దానివలన 2 లక్షల 19 వేల కోట్ల రూపాయల పెట్టుబడియు, సుమారు 15 లక్షల ప్రత్యక్షోద్యోగములును, 50 లక్షలకు పైబడిన పరోక్షోద్యోగములును వచ్చునని ప్రకటించిరి. రెండును కలిపిన డెబ్బది లక్షలకు సమీపించును. 2011 జనగణనలో చంటిబిడ్డలతో, మంచముపట్టిన వృద్ధులతో కూడ గ్రేటర్ హైదరాబాదు జనసంఖ్యయే డెబ్బది లక్షలకు లోపు! ఈ సంఖ్యను ప్రకటించినవారు ఒక్కసారి దానిని నగరము ప్రక్కన నిలువబెట్టి చూచిరా?

నేల లెక్కయు చూతము. తలకు 100 చదరపుటడుగులనుకొన్నను 15 లక్షలమందికి 15 కోట్ల చదరపుటడుగులు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు గాన, మేడ యనునదే లేకుండ ఒకే అంతస్తుగా కట్టినను వారి గదులు పట్టునది ఇంచుమించు 3,450 ఎకరములు. కార్ఖానాలకు, రోడ్లకు, నివాసములకు, వనములకు ఎంత ఉదారముగా విడిచినను 3,450కిని 50,000కును నడుమనున్న అగాధము పూడునా?

పథకము కార్యరూపము దాల్చలేదు. 2014లో రాష్ట్రము వేరుపడినది, ఢిల్లీలో ప్రభుత్వము మారినది. ఇచ్చటినుండి లేఖలు పోయినవి, అచ్చటినుండి ఉత్తరములు వచ్చినవి, పథకము మూలబడినది. ఐనను, పైన చూచినట్లు, తొమ్మిది సంవత్సరములలో ఉద్యోగములు దాదాపు మూడింతలైనవి. పథకము లేకయే ఉద్యోగములు వచ్చినప్పుడు, ఆ ఉద్యోగములకు ఆ 202 చదరపు కిలోమీటర్లు అవశ్యములను వాదము ఏమైనది? దీనికి ఏ పక్షము నాయకుడును జవాబు చెప్పలేదు. ఆ పథకము నీవలన పోయినదనగా నీవలన పోయినదని పరస్పరము నిందించుకొనుటతోనే వారికి కాలము చాలినది.

మెట్రో రైలు కథ ఇంతకంటె విచిత్రము. 2008లో ఆ రైలుమార్గమును కట్టుటకు వేలము పిలువగా, మేటాస్ సంస్థ ముఖ్యముగానున్న కూటమి ప్రభుత్వమునుండి దమ్మిడీయైన అడుగకపోగా, తామే ప్రభుత్వమునకు సంవత్సరముల మీద 30,311 కోట్ల రూపాయలు చెల్లింతుమనెను! టిక్కెట్ల మీద ఇంత రాదని చిన్నపిల్లవానికిని తెలియును. వారి యాశ యంతయు మార్గము వెంట లభించు భూములలో లేవబోవు వాణిజ్య భవనముల మీదనే. ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్‌గారు ప్రణాళికా సంఘమునకు లేఖవ్రాసి హెచ్చరించిరి. మనవారు వారిపై కోపగించిరి. 2009 జనవరిలో సత్యం సంస్థ అధిపతి తన లెక్కలు బూటకములని తానే ఒప్పుకొనగా, దాని దాయాదియైన మేటాసును కూలెను, గుత్తయు రద్దయ్యెను. (ఆ పేరును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివినచో సత్యం అగును; సత్యమును తలక్రిందులు చేయుదుమని పేరులోనే చెప్పుకొన్నవారిని తప్పుపట్టుటయెట్లు?) 2010లో రెండవసారి గుత్త పొందిన ఎల్ అండ్ టి సంస్థ చెల్లించుటకు మారుగా 1,458 కోట్ల రూపాయలు సహాయము కోరెను. అదే నగరము, అవే మార్గములు, నడుమ రెండు సంవత్సరములు! ఈ సంస్థకును 1 కోటి 85 లక్షల చదరపుటడుగుల వాణిజ్య భవనములు కట్టుకొను హక్కిచ్చిరి. అందులో లేచినది కొద్దిభాగమే. 2025లో ఆ సంస్థ తప్పుకొనుటకును, అప్పులతో కూడ మెట్రోను రాష్ట్రము నెత్తిన వేసికొనుటకును ఒప్పందము కుదిరినది. జోస్యము చెప్పినవారు వేరు, అప్పు తీర్చువారు వేరు.

ఇట్లేల జరుగుచున్నదని విచారించినచో ఒక్కటే కారణము కనబడును. లెక్కగట్టువాడును, నేల నమ్మువాడును ఒక్కడే. 2006లో కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థవారు వేలము వేయగా ఎకరము 14 కోట్లు దాటినది. పిదప మాంద్యము రాగా కొన్నవారు కోర్టులకెక్కిరి. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరము 100 కోట్ల 75 లక్షలు పలికినది. అనగా ఖాళీనేలయే చదరపుటడుగు 23,000 రూపాయలు. ఖజానాకు వేలపు సొమ్ము అలవాటైన పిదప, ఉద్యోగములు తగ్గునని చెప్పు అధికారి ఎవని మెప్పు పొందగలడు? కాపు తన యెద్దును సంతకు తోలుకొనిపోయి, దాని వయస్సు తానే చెప్పినట్లున్నది. దీనికి తోడు 2006నాటి 86వ ఉత్తరువుతో నేల విస్తీర్ణమునకు ఇన్నిరెట్లు మాత్రమే కట్టవలయునను హద్దును తొలగించిరి. అప్పటినుండి రోడ్డు వెడల్పు, చుట్టు విడువవలసిన ఖాళీ, ఇవియే నియమములు. ఒక యెకరముపై ఎన్ని చదరపుటడుగులు లేచునో ముందుగా తెలియని నగరములో ఎన్ని యెకరములు కావలయునో చెప్పుట సిద్ధాంతిగారికిని అసాధ్యము.

ఈ పంచాంగమునుండి జారిపోయిన మనుష్యులను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. వాణిజ్య స్థలమనగానే మన లెక్కరులకు గాజుమేడలే కనబడును. మేడలో కూర్చుండిన ప్రతి యువకునకు వెనుక వంటవాడు, కావలివాడు, ఊడ్చునది, కారు నడుపువాడు, హాస్టలు నడుపు అమ్మ, టిఫిను బండివాడు కలరు. "పరోక్షోద్యోగములు" అను పద్దుక్రింద వీరిని లక్షలలెక్కన చూపి పథకమునకు బలము తెచ్చుకొందురు. చదరపుటడుగులు పంచునపుడు వీరికి పదియడుగులైనను కేటాయింపరు. 2014నాటి వీథి వర్తకుల చట్టము జనసంఖ్యలో నూటికి రెండున్నరవంతువరకు వర్తకులకు చోటు కల్పింపవలయునని విధించుచున్నది. గచ్చిబౌలి రోడ్డుప్రక్కన మధ్యాహ్నము అన్నముపెట్టు బండిని పోలీసులు త్రోసివేయునపుడు ఈ చట్టము ఏ బీరువాలో నున్నది? ఉద్యోగి నివసించు చోటును లెక్కకురాదు. ఎకరము నూరుకోట్లు పలికినచోట కావలివాడు ఇల్లు ఎట్లు కట్టుకొనును? అతడు పదిక్రోసుల దూరమునుండి వచ్చును, రోడ్డు నిండును, వంతెన కావలయునందురు, వంతెనకు మరల ప్రజలే పన్నిత్తురు.

జలాశయముల మాట మరింత భయంకరమైనది. 1908నాటి మూసీ వరద తరువాత కట్టిన గండిపేట 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. వాని పరీవాహక ప్రదేశమును కాపాడుటకు 1996 మార్చిలో 111వ ఉత్తరువు పుట్టి 84 గ్రామములలో కట్టడములను అరికట్టెను. కోకాపేట ధరలు పెరుగుకొలది ఆ గ్రామములవైపు చూపులు ప్రసరించినవి. 2022 ఏప్రిలులో ఆ నిర్బంధమును సడలించిరి, 2023 మేలో రద్దుచేయుటకు మంత్రివర్గము తీర్మానించెను. ఆ చెరువులు నేడు నగరమునకిచ్చు త్రాగునీరు స్వల్పమని కారణము చెప్పిరి. వరద నాపుటయు వాని పనియే యను సంగతి మరచిరి. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి వచ్చినపుడు జ్ఞప్తికి వచ్చియుండును. కట్టినదే ఖాళీగానుండగా, ఇంకను కట్టుటకు చెరువు పొలిమేరలు కావలయుననుట ఏ గణితము?

ఇంకొక సత్యము. ఈ ఉద్యోగములలో అధికభాగము అమెరికా, ఐరోపా కంపెనీల పనిమీద బ్రతుకునవి. అచ్చటి వడ్డీరేటు, అచ్చటి ఎన్నిక, అచ్చటి యంత్రమేధ, మన మాదాపురములో కుర్చీల సంఖ్యను నిర్ణయించుచున్నవి. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసాకు లక్షడాలర్ల రుసుము విధించినపుడు, దీనివలన ఇచ్చటి ఆఫీసులు పెరుగునని కొందరు, తరుగునని కొందరు ఒకే దినమున జోస్యము చెప్పిరి. పరాధీనమైన కొలువును లెక్కించువాడు ఒక్క సంఖ్య చెప్పరాదు; మేలు జరిగిన ఇంత, కీడు జరిగిన ఇంత అని రెండును చెప్పి, కీడునకు కూడ తట్టుకొనునట్లు నగరమును కట్టవలయును. మన పత్రములలో కీడు అను గడియే లేదు.

"ఇట్లు సందేహములు పలికిన పెట్టుబడిదారులు బెదరిపోవుదురు" అని మాకు బోధించువారు కలరు. అయ్యా, పెట్టుబడిదారుడు మీ పంచాంగమును నమ్మి రాలేదు; తన లెక్కను తాను గట్టుకొనియే వచ్చుచున్నాడు, తగ్గినపుడు కుర్చీలు ఎత్తుకొని పోవుచున్నాడు. మీ సంఖ్యను నమ్మినవాడు పట్టాదారుడు, అప్పుచేసి హాస్టలు కట్టిన చిన్న గృహస్థుడు, ఫ్లాటు కొన్న గుమాస్తా. సందేహము చెప్పవలసినది వీరికి.

కావున మేమడుగునది పెద్ద వరము కాదు. నేల నమ్మని ఒక ప్రత్యేక సంఘము ఈ లెక్కను గట్టవలయును. ఏ గడిలో ఏ సంఖ్య వేసిరో, తలకెన్ని అడుగులనుకొనిరో, ఖాళీ ఎంత తీసివేసిరో తెలుగులో అచ్చువేసి ప్రతి పఠనమందిరమునకు పంపవలయును. ఐదేండ్లకొకసారి, చెప్పినదేమి వచ్చినదేమి అని శాసనసభ ముందు ప్రక్కప్రక్కన పెట్టవలయును. అంతవరకు లెక్కను చూపి ఒక్క యెకరమునైనను తీసికొనరాదు.

ఈ పని ముచ్చర్లలో మొదలుకావలయును. ఫ్యూచర్ సిటీ యని నేడు పిలుచు ఆ ప్రాంతముననే కొలది సంవత్సరముల క్రిందట ఫార్మాసిటీకై 19,333 ఎకరములు నిర్ణయించి, 64,000 కోట్ల పెట్టుబడి, 5 లక్షల 60 వేల ఉద్యోగములు వచ్చునని చెప్పి రైతులనుండి భూములు సేకరించిరి. 2023 చివర ప్రభుత్వము మారినది, పథకము పేరు మారినది, రైతుల భూమి మాత్రము తిరిగి రాలేదు. నాడు వారికి చెప్పిన సంఖ్యను, నేడు చెప్పబోవు సంఖ్యను, ఈ నడుమ నిజముగా వచ్చిన ఉద్యోగముల సంఖ్యను ఒకే కాగితముమీద అచ్చువేసి, క్రింద సంతకముపెట్టి, ముచ్చర్ల గ్రామపంచాయతీ గోడకు అంటించుటకు ప్రభుత్వమువారు సిద్ధముగా నున్నారా?